ఎడమవైపు కాస్త ఇసుక

నడిచేవాడి కాలికి రాయి తగిలితే ముందు రాయిని తిడతాడు, తర్వాత రాయి పరిచినవాణ్ని తిడతాడు, ఇంకా ఓపిక ఉంటే వాడి వంశాన్ని తిడతాడు. తన కాలి సంగతి మాత్రం ఎత్తడు. ఆ సందులో టైపు మాస్టారు పడిపోయిన రోజున తిట్లన్నీ ఈ వరసలోనే నడిచాయి. పడిన మాస్టారు ఒక్కరే ఎవర్నీ ఏమీ అనలేదు. ఆయన కుడిచేతి మణికట్టు విరిగింది. చుట్టూ చేరినవాళ్లకు ఏదీ విరగలేదు కాబట్టి వాళ్లందరికీ మాట్లాడే తీరిక ఉంది.

ఆయన పడ్డప్పుడు మేస్త్రి భార్య తన గుమ్మం ముందు ఊడుస్తోంది. చీపురు పారేసి అందరికన్నా ముందు పరుగెత్తింది ఆమే. ఆయన్ని లేపి కూర్చోబెట్టింది, కళ్లజోడు వెతికి చేతికిచ్చింది. ఆ తర్వాత ఆయన కాలు ఎక్కడ తగిలిందో వంగి చూసింది. చూసి, దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని పక్కకు నిలబడింది. ఎందుకో తెలియాలంటే ఆ మొగుడూ పెళ్లాల పని గురించి కాస్త చెప్పాలి.

మేస్త్రిది బండలు పరిచే పని. ఇళ్ల ముందు నడిచే దారులు, పెరళ్లు, బడి ఆవరణలు, ఏవైనా సరే. సిమెంటు ముట్టుకోడు. సన్నగా జల్లించిన ఇసుక మీద బండ వేసి, రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెడతాడు. "సిమెంటు పోస్తే బండ చచ్చినట్టు పడుంటుంది. ఇసక మీదైతే రేపు ఏదైనా తేడా వచ్చినా లేపి మళ్లీ కూర్చోబెట్టుకోవచ్చు" అంటాడు. అందరి మేస్త్రుల్లాగే అతని పెట్టెలోనూ రసమట్టం ఉంది. గాజు గొట్టంలో బుడగ మధ్యకొచ్చి నిలిస్తే కింద నేల సమంగా ఉన్నట్టు లెక్క. దాన్ని అతను పెట్టె అడుగున పడేసి పైన పాత గుడ్డలు కప్పాడు.

అతని మట్టం అతని పాదాలే. చెప్పులు విడిచి, బండ ఎక్కి, సందు మొగవైపు ముఖం పెట్టి కళ్లు మూసుకుంటాడు. మడమల మీదికి ఒకసారి, మునివేళ్ల మీదికి ఒకసారి ఒరుగుతాడు. "కుడివైపు చిటికెడు" అంటాడు, లేదంటే "ఎడమవైపు గుప్పెడు" అంటాడు. భార్య ఆ చిటికెడో గుప్పెడో బండ కింద దూరుస్తుంది. మళ్లీ ఎక్కి నిలబడతాడు. చివరికి "ఆఁ, కూర్చుంది" అంటాడు. ఆ మాట వచ్చిందంటే ఇక ఆ బండ జోలికి పోనక్కర్లేదు. అతను వేసిన దారిలో నిండు గ్లాసు పట్టుకుని పరుగెత్తినా చుక్క తొణకదని చెప్పుకునేవారు. మట్టం మేస్త్రి అని పేరు పడిపోయింది.

"బుడగకి తెలిసేది మూరెడు మేర. పాదానికి మొత్తం తెలుస్తుంది" అని మేస్త్రి మీసం దువ్వుకునేవాడు. దువ్వుకోవడానికి అక్కడ పెద్ద మీసమేమీ లేదు, అది వేరే సంగతి.

ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఇసుక జల్లించడం కూడా చేతకాదు. సగం కళ్లలో, సగం కొప్పులో పోసుకునేది. అతను నవ్వేవాడు గానీ కసిరేవాడు కాదు. మెల్లగా చేయి తిరిగింది. ఇద్దరి మధ్యా ఒక కట్టుబాటు ఏర్పడింది: సుత్తి అతనిది, ఇసుక ఆమెది. ఆ ఇసుక కుప్పల పక్కనే ఒక్కగానొక్క కూతుర్ని పెంచారు. ఆ పిల్ల చదువుకుని ఆస్పత్రిలో నర్సయింది. అంతకాలంలో అతను ఇసుక పోసింది లేదు, ఆమె సుత్తి పట్టింది లేదు. ఎవరూ రాయించని ఒప్పందం అది, కానీ రాసుకున్నవాటికన్నా గట్టిగా నిలిచింది.

అలా సాగుతుండగా లారీలోంచి దించుతున్న బండ ఒకటి జారి మేస్త్రి కుడి తొడ మీద పడింది. ఎముక అతికింది గానీ ఆ కాలు వేలెడు మందం పొట్టిదైంది. కూతురు తన ఆస్పత్రిలోనే ఒక చెప్పుల జత చేయించి తెచ్చింది. కుడి చెప్పు అడుగుభాగం మందంగా ఉంటుంది.

"ఇది వేసుకుంటే రెండు కాళ్లూ సమానమవుతాయి నాన్నా. నడుం కూడా నొప్పెట్టదు."

"నేనేమన్నా కుంటివాణ్నా?" అని మేస్త్రి దాన్ని అవతల పెట్టాడు. పెరటి తలుపు గాలికి ఊరికే కొట్టుకుంటూ ఉంటే ఆమె ఆ మందపు చెప్పు తెచ్చి తలుపుకు అడ్డం పెట్టింది. కాలికి పనికిరాని చెప్పు తలుపుకు పనికొచ్చింది.

మంచం మీదున్న ఆ నెలలు ఆమెకు తలుచుకోవడానికి కూడా ఇష్టం ఉండదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మాటకు మాట వేయకుండా ఒక్క పూట ఉండలేని మనిషి అలా గోడకు అతుక్కుపోతే, పోట్లాడుకోవడానికైనా లేస్తే బాగుండునని ఆమె ఏడ్చింది.

అతన్ని లేపింది ఆ సందే. అప్పటిదాకా మట్టి సందు, వాన పడితే మోకాలి లోతు బురద. అందరూ కలిసి బండలు వేయిద్దామనుకున్నారు. సందు మొగలో మందుల షాపు ఉన్నాయన వచ్చి, "మన సందులోనే మట్టం మేస్త్రిని పెట్టుకుని బయటివాణ్ని ఎందుకు పిలుస్తాం బాబాయ్" అన్నాడు. మేస్త్రి మర్నాడే కర్ర పట్టుకుని లేచాడు. మొదటి బండ వేసి, కర్ర పక్కన పెట్టి, దాని మీదికి ఎక్కాడు. కళ్లు మూసుకున్నాడు. "ఎడమవైపు తియ్" అన్నాడు. ఆమె తీసింది. "కూర్చుంది" అన్నాడు. కళ్లు తెరిస్తే కళ్లలో నీళ్లు.

"కాలు పోయింది గానీ మట్టం పోలేదే" అన్నాడు.

ఆ ఒక్క మాట ఆమె నోటికి తాళం వేసింది.

దారి పూర్తయ్యాక ఒకరోజు ఆమె గుమ్మం కడిగి బకెట్ నీళ్లు బండల మీద పోసింది. నీళ్లన్నీ ఎవరో పిలిచినట్టు ఎడమవైపుకే పరుగెత్తి, టైపు మాస్టారి గోడ కింద చేరాయి. ఆమె ఇంట్లోకి వెళ్లి పళ్లెంలో కాసిన్ని నీళ్లు పోసుకొచ్చి బండ మీద పెట్టింది. నీళ్లు ఎడమ అంచుకు చేరాయి, కుడిపక్క పళ్లెం అడుగు కనబడింది. పక్క బండ మీద పెట్టినా అంతే. ఆ పక్క బండా అంతే. ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కుడికాలు పొట్టిదైన మనిషికి కుడివైపు కాస్త ఎత్తుగా ఉంటే తప్ప నేల సమంగా ఉన్నట్టు అనిపించదు. మేస్త్రి పాదం అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసిన నిజం అది చెప్పింది.

ఈ మాట అతనితో ఎలా అంటుంది? అనలేకపోయింది. మందుల మత్తుకి అతను మధ్యాహ్నం పూట పడుకునేవాడు. అలా పడుకున్నప్పుడు ఆమె మొదటిసారి సుత్తి పట్టుకుంది. గునపంతో బండ ఎడమ అంచు లేపి, ఇసుక దూర్చి, తట్టి, పళ్లెం పెట్టి చూసుకునేది. నీళ్లు పళ్లెం నిండా ఒకేలా పరుచుకుంటే ఆ పూటకు లేచి వచ్చేసేది. ఎవరైనా "ఏం చేస్తున్నావు పిన్నీ?" అంటే, "చీమలు. ఇసకంతా తోడేస్తున్నాయి" అనేది. పాపం, ఆ చీమలు ఎన్ని నిందలు మోశాయో.

అన్నిటికన్నా తమాషా వాళ్ల సొంత గుమ్మం ముందున్న బండ. మధ్యాహ్నం ఆమె దాన్ని సరిచేస్తే, సాయంత్రం అతను దాని మీద కాలు పెట్టగానే, "ఇది కుడివైపు దిగిందేంటే" అని లేపి, ఆమె చేతే ఇసుక పోయించి మళ్లీ కూర్చోబెట్టేవాడు. మర్నాడు ఆమె మళ్లీ. ఆ సాయంత్రం అతను మళ్లీ. ఆ బండకే నోరుంటే ఇద్దరినీ కలిపి తిట్టిపోసేది. చివరికి దాన్ని ఆమె అతనికే వదిలేసింది.

సందు మొగనుంచి మొదలుపెట్టి చివరిదాకా మెల్లగా అన్నీ సరిచేద్దామనుకుంది. సగం దాకా వచ్చింది. ఇంతలో డాక్టరు ఆ మందులు ఆపేశాడు. మధ్యాహ్నపు నిద్ర పోయింది, ఆమె పని ఆగిపోయింది. ఎప్పుడో వీలు చూసుకుని మిగతావి చేయొచ్చులే అనుకుంది.

సరిగ్గా ఆ సగం దగ్గరే మాస్టారు పడ్డారు. అక్కడ ఆమె కూర్చోబెట్టిన ఆఖరి బండ, దాని పక్కన అతను కూర్చోబెట్టిన బండ. ఆమెది సమంగా ఉంది, అతనిది ఎడమవైపు వాలి ఉంది. అందుకని ఎడమపక్కన ఆమె బండ అంచు వేలెడు మందం పైకి లేచి ఉంది. మాస్టారి బొటనవేలు దానికే తగిలింది. ఆమె ఏదీ ముట్టుకోకుండా వదిలేసి ఉంటే సందు మొత్తం ఒకేలా వాలి ఉండేది. నీళ్లు ఎడమవైపు పోయేవి, అంతే. ఎవరి కాలికీ ఏమీ తగిలేది కాదు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

మాస్టారిని ఆటోలో ఆస్పత్రికి పంపించాక మేస్త్రి కర్ర పట్టుకుని అక్కడికి వచ్చాడు. చెప్పులు విడిచి ఆ బండ మీద నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇది కదిలింది. నేను కూర్చోబెట్టినట్టు లేదు" అన్నాడు. అందులో అక్షరం అబద్ధం లేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది బాబాయ్ నీ వరస" అన్నాడు మందుల షాపు ఆయన. "బండ ఎందుకు కదిలిందంటే ఒకరోజు చెట్టు వేళ్లంటావు, ఒకరోజు ఎలకలంటావు. పిన్నిని అడిగితే చీమలంటుంది. ఇవన్నీ తీయించి సిమెంటు పోయించేద్దాం. పెద్దాయన చెయ్యి విరిగింది, రేపు ఇంకెవరిదో విరుగుతుంది."

మేస్త్రి ముఖం మాడిపోయింది. ఎవరు మాట అన్నా రెండు తిరిగి ఇచ్చే మనిషి, ఆ వేళ తల వంచుకుని, "తప్పు నాదే. పరిచినవాణ్ని నేనేగా" అన్నాడు. తర్వాత తలెత్తి, "రేపటినుంచి మొత్తం లేపి మళ్లీ పరుస్తాను. మళ్లీ ఎవరి కాలైనా తగిలిందంటే ఈ సుత్తి ఇంక పట్టను" అన్నాడు.

చేయని తప్పు అతను నెత్తిన వేసుకుంటూ ఉంటే పక్కనే నిలబడి వినడం ఆమె వల్ల కాలేదు. గబగబా ఇంట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నాలుగు పళ్లు తీసుకుని మాస్టారి ఇంటికి వెళ్లింది. ఆయన చేతికి కట్టుతో కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో పేపరు మడత విప్పడానికి తంటాలు పడుతున్నారు. ఆమె వెళ్లి విప్పి ఇచ్చింది.

"మేస్త్రిని ఎవరూ ఏమీ అనలేదు కదమ్మా?" అన్నారు ఆయన.

ఆమె పేపరు ఆయన ఒళ్లో సర్దింది.

"నేను పేపరు చూస్తూ నడిచాను. ఊళ్లో సగం మందికి అక్షరాల వంక చూడకుండా టైపు కొట్టడం నేర్పాను. చూడకుండా నడవడం మాత్రం నాకు రాలేదు. నా తరఫున ఆ మాట మేస్త్రికి చెప్పు."

ఆయన నవ్వారు. ఆయన నాలుగు తిట్టి ఉంటే ఆమె గుండె కాస్త తేలికపడేది. పళ్లు బల్ల మీద పెట్టి, చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక బయటికి వచ్చేసింది. ముందు చెప్పాల్సింది ఆయనకు కాదు.

ఇంటికి నడుస్తూ ఆలోచించింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రేపు అతను పాదంతోనే మట్టం చూసి మొత్తం మళ్లీ పరుస్తాడు. మళ్లీ అన్నీ వాలుతాయి. ఎవరో పడేదాకా అక్కర్లేదు, ఈసారి అందరి కళ్లూ బండల మీదే ఉంటాయి, వాలు బయటపడడానికి ఒక్క బకెట్ నీళ్లు చాలు. చెప్పకపోతే సందులో మేస్త్రి మిగలడు. చెబితే ఇంట్లో మేస్త్రి మిగలడు. మళ్లీ ఆ గోడ, ఆ మంచం.

సాయంత్రం పెరట్లో అతను సుత్తికి పిడి బిగిస్తున్నాడు. ఆమె రేపటి ఇసుక జల్లిస్తోంది.

"సన్నగా జల్లించు. ఒక్క గులకరాయి కూడా ఉండకూడదు" అన్నాడు.

ఆమె జల్లెడ కింద పెట్టింది.

"మాస్టారు పడింది నా బండ దగ్గరయ్యా."

"నీ బండేంటి?"

"నేను కూర్చోబెట్టిన బండ. ఆ సుత్తితోనే."

అతను చేతిలోని సుత్తి వంక చూశాడు, ఎవరో ఎంగిలి చేసిన గ్లాసును చూసినట్టు. "ఒక్కటేనా?"

"సగం సందు. నువ్వు మధ్యాహ్నం పడుకున్నప్పుడు."

"ఇన్నేళ్లు ఇసక పోసేసరికి మేస్త్రివైపోయావా?" అని అరిచాడు. పక్కింటి కిటికీ ఒకటి చప్పున మూసుకుంది.

"అవలేదు. అయ్యుంటే ఆయన చెయ్యి విరిగేది కాదు."

"మరి ఎందుకు ముట్టుకున్నావ్?"

ఎందుకో నోటితో చెప్పడం ఆమె వల్ల కాలేదు. పళ్లెంలో నీళ్లు పోసుకుని, రమ్మని గుమ్మం ముందుకు నడిచింది. అతను ఆఖరిసారి కూర్చోబెట్టిన బండ మీద పళ్లెం పెట్టింది. నీళ్లు ఎడమవైపు చేరాయి.

"పళ్లెం వంకర" అన్నాడు మేస్త్రి. తనే పళ్లెం చుట్టూ తిప్పాడు. పళ్లెం తిరిగింది గానీ నీళ్లు తిరగలేదు. లోపలికి వెళ్లి, పెట్టె అడుగునుంచి రసమట్టం తీసుకొచ్చాడు. చొక్కా అంచుతో దుమ్ము తుడిచాడు. బండ మీద అడ్డంగా పెట్టాడు. బుడగ కుడివైపు కొసకు పోయి ఆగింది. దాన్ని పట్టుకుని కర్ర సాయంతో సందు మొగదాకా నడిచాడు. ఆమె కూర్చోబెట్టిన బండ మీద పెట్టాడు. బుడగ మధ్యలో నిలిచింది. తర్వాతి దాని మీదా మధ్యలోనే నిలిచింది.

"నా కాలు..." అన్నాడు.

"నీ తప్పు కాదయ్యా. మొదటి బండ రోజున నువ్వన్న మాట విన్నాక నాకు చెప్పడానికి నోరు రాలేదు. నీకు అది కూడా పోతే ఏం మిగులుతుందోనని భయమేసింది" అంది ఆమె.

అతను రసమట్టం చంకలో పెట్టుకున్నాడు. ఇంట్లోకి వెళ్లి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెట్టి పిలిచినా లేవలేదు. అనుకున్నంతా అయింది, నా చేత్తో నేనే చేశాను అనుకుంటూ, ఆమె గిన్నెల మీద మూతలు పెట్టి తనూ తినకుండానే పడుకుంది.

తెల్లారాక పెరటి తలుపు ధన్‌మని కొట్టుకుంది. ఒకసారి కాదు, వరసగా. ఆమె ఉలిక్కిపడి లేచి వెళ్లి చూస్తే తలుపుకు అడ్డం పెట్టిన చెప్పు లేదు. మంచం ఖాళీ. కర్ర మాత్రం మంచానికి ఆనించి ఉంది.

అతను సందు మధ్యలో, మాస్టారు పడిన చోట నిలబడి ఉన్నాడు. కాళ్లకు కూతురు చేయించిన చెప్పులు. భుజాలు రెండూ ఒక ఎత్తులో ఉన్నాయి. అలా ఉండగా అతన్ని చూసి ఎంత కాలమైందో ఆమెకు గుర్తు రాలేదు. పక్కన వాలిన బండను అప్పటికే గునపంతో లేపి ఉంచాడు. ఇసుక తట్ట, సుత్తి, రసమట్టం అన్నీ తెచ్చి పెట్టుకున్నాడు.

"నడక బాగానే ఉంది" అన్నాడు, ఆమె వంక చూడకుండా. "కానీ దీంతో బండ తెలియట్లేదు. ఇంత మందాన అట్ట అడ్డం పెట్టుకుంటే ఏం తెలుస్తుంది, నా బొంద."

"రసమట్టం ఉందిగా."

"అది మూరెడు మేరకే. చెప్పులు విప్పి ఎక్కు."

"నేనా?"

"పొద్దున్నే ఇక్కడ ఇంకెవరున్నారు?"

బండ దించి తట్టి, పక్కకు జరిగాడు. ఆమె చెప్పులు విడిచి ఎక్కింది. సందు మొగవైపు తిరిగి కళ్లు మూసుకుంది. ముందు ఏమీ తెలియలేదు, రాయి చల్లగా ఉందని తప్ప. ఇన్నేళ్లలో ఆమె పాదాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. మడమల మీదికి ఒరిగింది, మునివేళ్ల మీదికి ఒరిగింది. అప్పుడు ఎడమ మడమ కింద నేల కాస్త జారినట్టు అనిపించింది.

"ఎడమవైపు" అంది.

"ఎంత?"

"గుప్పెడు. కాదు, అంతకన్నా తక్కువ."

మేస్త్రి కుడికాలు చాపుకుని, మూలుగుతూ నేల మీద కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి బండ కింద ఇసుక దూర్చాడు. సగం తన మోకాళ్ల మీదే పోసుకున్నాడు.

మందుల షాపు ఆయన తాళాల గుత్తి తిప్పుకుంటూ వచ్చి ఆగిపోయాడు. "ఇదేంటి బాబాయ్, పని తారుమారైంది? పిన్ని పైన, నువ్వు కిందా?"

మేస్త్రి ఇసుక తట్టలో చేయి పెట్టి, తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"నా కాలు పొట్టిదైందయ్యా. అది చెప్పే మట్టం ఇంక పనికిరాదు. మేస్త్రి మట్టం చూస్తోంది, మధ్యలో మాట్లాడించకు."

ఆమె కళ్లు తెరవలేదు. తెరిస్తే నీళ్లు ఆగవు.

"కూర్చుందా?" అని కిందనుంచి అడిగాడు మేస్త్రి.

"ఇంకా లేదు. ఎడమవైపు ఇంకాస్త పొయ్యి" అంది.